పావుగంటకోసారి ఆగిన బోటులో మూడు రోజులు

నల్లగొండ నుంచి అమ్రాబాదు అడవుల అంచుకు పోవాలంటే అందరూ బస్సెక్కుతారు. దేవరకొండలో ఒకటి, డిండిలో ఒకటి, అచ్చంపేటలో ఒకటి మారి, ఎర్రదుమ్ము మింగి చేరతారు. మేము నీళ్ళ మీద పోయాము. కృష్ణకు అడ్డంగా కట్టిన కొత్త ఆనకట్ట వెనుక నీళ్ళు నిలిచి అప్పటికింకా రెండేళ్ళు కాలేదు. ఆ దారిన ఆడవాళ్ళెవరన్నా పోయినట్టు నేను వినలేదు. ఎనిమిది నెలల పాపను ఒళ్ళో పెట్టుకుని పోయి వచ్చాను కనుక, చూడనివారి కోసం చూసింది చూసినట్టు రాస్తున్నాను. దాచుకుంటే బాగుండుననిపించే సంగతి కూడా ఒకటుంది. అది దాస్తే ఈ ప్రయాణంలో చెప్పడానికి నీళ్ళు, గుట్టలు తప్ప ఏమీ మిగలదు.

రేవులో

మా ఆయనది నీటిమట్టాలు కొలిచే ఉద్యోగం. నదికి ఎగువన, అడవి అంచున ఉన్న పై క్యాంపులో రెండు నెలలు పనిచేసి రమ్మని ఆర్డరు వచ్చింది. నన్నూ పాపనూ భువనగిరిలో మా పుట్టింట దింపిపోతానన్నారు. ఆయన లేనప్పుడు పాపకు జ్వరమొస్తే ఎట్లా అన్న దిగులు ఒకటి, మేము లేని అడవిలో ఆయనకేమన్నా అయితే ఎట్లా అన్న దిగులు ఇంకొకటి. ఈ రెండింటి మధ్య వారం రోజులు నాకు కూడు సయించలేదు. చివరకు ఆయనే తేల్చేశారు.

"సరే, బోటుల పోదాం. బస్సులల్ల పొల్ల నలిగిపోతది. గని ఆఫీసు బోటుల ఇంటోళ్ళను ఎక్కియ్యద్దని రూలున్నది. పైన దిగంగనే నువ్వు సీదా క్వార్టర్‌కు నడువు. ఎవ్వరి కంటా పడకు."

బోటు పొడుగాటి చెక్కబోటు. నడుమ తాటాకు కప్పు, దానికింద మా ట్రంకుపెట్టె, స్టవ్వు, పాప పాలపిండి డబ్బాలు. బోటు వెనుక చెక్కకు తగిలించిన ఇంజను నా వయసుకంటే పాతదై ఉండాలి. దాని నెత్తిన గుండ్రటి పెట్రోలు టాంకీ, టాంకీకి మరచుట్టు మూత. పై నుంచి పెట్రోలు సన్నటి గొట్టం గుండా దానంతటదే కార్బురేటరులోకి దిగుతుంది. తాడు చుట్టి లాగితే ఇంజను అందుకుంటుంది, నీళ్ళలో మునిగిన రెక్క తిరుగుతుంది. ఇంతకంటే దాని సంగతి నాకప్పుడు తెలియదు.

నడిపేది జంగయ్య. నలభై దాటిన మనిషి. అతని ఊరు నీళ్ళ కింద ఉంది. ఊరున్నన్నాళ్ళూ తోలుపుట్టిలో జనాన్ని నది దాటించేవాడు. ఊరు పోయాక ఆఫీసులో దినకూలికి కుదిరి, పాత డ్రైవరు పక్కన కూర్చుని చూసి చూసి ఇంజను పని నేర్చాడు. ఆ డ్రైవరు వెళ్ళిపోయాక ఇదే అతని మొదటి దూర ప్రయాణం.

"అమ్మా, గీ ముసల్ది మూడొద్దులల్ల పై క్యాంపుకు చేరితె పెద్దసారు నన్ను పర్మనెంటు చేస్తనన్నడు," అన్నాడు పెట్టెలు సర్దుతూ. "చేరకుంటె ఇంజను తుక్కుకు, నేను మల్ల పుట్టికి."

"పుట్టి అయితే ఏమాయె, నీకు తెలిసిన పనేనాయె," అన్నాను.

"తెలిసిందే అమ్మా. గని నదంటె అద్దరికి ఇద్దరికి ఎంత దూరం? ఇప్పుడు గీ సముద్రాన్ని పుట్టితోని ఎవడు దాటుతడు?" అని నవ్వాడు. నవ్వులో నవ్వు లేదు.

మాది మగ్గం ఇల్లు. మా నాయిన కొత్త పడుగు ఎక్కించిననాడు మా అమ్మ మగ్గం నెత్తిన పసుపు పూసి బొట్టు పెట్టేది. అది కాకుండా పోగుల మధ్య నాడె కదలనిచ్చేది కాదు. ఈ ముసలి ఇంజను మీద పాప ప్రాణం పెట్టి పోతూ నేను బొట్టు పెట్టకుండా ఉండగలనా? పసుపును, నీళ్ళు చిమ్మితే చెరిగిపోకుండా, నువ్వులనూనెలో ముద్దగా కలిపాను. ఇంజనుకు నుదురెక్కడా అని చూస్తే టాంకీ మూత నడుమ చిన్న గుంట కనిపించింది. బొట్టు కోసమే చేసినట్టుంది. అక్కడ పసుపు అద్ది, పైన కుంకుమ పెట్టాను.

"బీఎస్సీ చదివినవు, ఇంజనుకు బొట్టేందే?" అన్నారు మా ఆయన.

"బీఎస్సీ నేను చదివిన. ఇంజను చదవలేదు గద," అన్నాను.

జంగయ్య మాత్రం రెండు చేతులూ జోడించి ఇంజనుకు దండం పెట్టి తాడు లాగాడు.

చింతకొమ్మల మధ్య

కొత్త నీళ్ళకు ఒక వాసన ఉంటుంది. చెరువు వాసన కాదు, నది వాసన కాదు. నానిన మన్నూ కుళ్ళిన ఆకూ కలిసిన వాసన. రెండు వైపులా గుట్టలు మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి నిలబడ్డాయి. ఒకచోట నీళ్ళలోంచి ఎండిన చింతకొమ్మలు పైకి లేచి ఉన్నాయి. కొమ్మకొక నల్లటి పక్షి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

"గా కొమ్మల కింద మా సావడి," అన్నాడు జంగయ్య, ఊళ్ళో నడుస్తూ చూపించినంత మామూలుగా. "గీ పక్క బాయి. పైలం, గా మొద్దులు తగులుతె బోటు కడుపు చీరుతది."

సరిగ్గా అప్పుడే ఇంజను గొంతు మారింది. దగ్గింది, ఎక్కిళ్ళు పెట్టింది, ఆగింది. ఇంజను చప్పుడుకు నిద్రపోయిన పాప, చప్పుడు ఆగగానే లేచి ఏడ్చింది. ఇంజను ఆగితేనే నీళ్ళు ఎంత పెద్దవో తెలుస్తాయి.

జంగయ్య మూత తీశాడు. అరచేతితో పట్టుకోలేదు, బొట్టు చెరగకుండా అంచులను వేళ్ళ కొసలతో పట్టుకుని తిప్పాడు. లోపల పెట్రోలు నిండుగానే ఉంది. మళ్ళీ మూత బిగించి ప్లగ్గు విప్పాడు. ప్లగ్గు మొన నల్లగా ఉంది. గరుకు కాగితంతో రుద్ది పెట్టి తాడు లాగితే రెండో లాగుకే అందుకుంది.

"ప్లగ్గు మసి పట్టింది సారూ, అంతే!" అన్నాడు. మేమందరం నవ్వుకున్నాము. పాప కూడా ఏడుపు ఆపింది.

పావుగంట నడిచి మళ్ళీ ఆగింది.

మూత తీసి చూడడం, బిగించడం, ప్లగ్గు రుద్దడం, తాడు లాగడం. మళ్ళీ పావుగంట. ఈసారి ప్లగ్గు శుభ్రంగా ఉంది, అయినా రుద్దాడు. మధ్యాహ్నానికి నాకు ఇంజను ఆగకముందే తెలిసిపోయేది. ఇంక ఆగుతుంది, ఇంక ఆగుతుంది అనుకుంటూ పాపను గట్టిగా అదుముకునేదాన్ని. ఆగాక ఒక విధంగా నెమ్మది కలిగేది, మళ్ళీ మొదలయ్యేదాకా.

"గీ ముసల్ది మా అత్త లెక్కున్నది సారూ," అన్నాడు జంగయ్య. "పదడుగులేసి కూసుంటది. బుజ్జగిస్తె లేస్తది. మల్ల పదడుగులు."

"మీ అత్త పై క్యాంపుకు ఎన్నొద్దులకు చేరుతదో చెప్పు," అన్నారు మా ఆయన గడియారం చూసుకుంటూ. అప్పటికింకా ఆయన గొంతులో హాస్యముంది.

సాయిలు ఆయిలింజను

పొద్దు వాలకముందే ఒక ఒడ్డున ఆగాము. నీళ్ళకు జడిసి గుట్ట మీదికి జరిగిన చిన్న ఊరు. అక్కడ సాయిలు అనే రైతు కిరసనాయిలుతో నడిచే ఆయిలింజను పెట్టి ఈ నీళ్ళనే పల్లిచేనుకు తోడుకుంటున్నాడు. ఊరిని ముంచిన నీళ్ళను తిరిగి చేనుకు పెట్టుకోవడం చూస్తే నాకు వింతగా అనిపించింది, అతనికి అనిపించలేదు.

సాయిలు భార్య బాలమ్మ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టెలు చేసింది. మా భువనగిరి వైపు రొట్టె పలచగా తడతారు. ఇక్కడ చిటికెన వేలు మందం. పైన ఎల్లిగడ్డ కారం. ఒక్క రొట్టె తిని చాలంటే ఆమెకు కోపం వచ్చింది. నేను పాపకు వేడినీళ్ళలో పాలపిండి కలుపుతుంటే దగ్గర కూర్చుని వేలితో అద్ది నాకింది.

"బూడిద లెక్కున్నది బిడ్డా. నీకు పాలు లేవా?"

"సాలుతలేవు అవ్వా."

"బుక్కెడు రొట్టె నీళ్ళల్ల నానబెట్టి పెట్టు. మా పోరగాండ్లు అయిదో నెలకే తిన్నరు, గుట్టలెక్కుతున్నరు."

మా వైపు పళ్ళు రాకముందు రొట్టె పెడితే పెద్దవాళ్ళు ఊరుకోరు. ఆమె పెట్టనే పెట్టింది, పాప చప్పరించనే చప్పరించింది. నేను మాత్రం ఆ పూటంతా పాప పొట్ట మీద చెయ్యి తీయలేదు.

ఒడ్డున మగవాళ్ళు పెట్రోలు పరీక్ష చేస్తున్నారు. మేము రెండు డబ్బాలు తెచ్చాము. ఒకటి రేవులోనే విప్పి, ఈ ఇంజనుకు కావలసినట్టు జంగయ్య అందులో ఆయిలు కలిపి పెట్టాడు. రెండోదానికి సీలు అట్లాగే ఉంది. విప్పిన డబ్బాలోంచి మా ఆయన గాజుగ్లాసులోకి కొంచెం వంచారు. అడుగున తుప్పు నలుసులు, ఒక నీటిబొట్టు తేలాయి.

"దొరికింది దొంగ!" అన్నారు.

పెట్రోలు వడగట్టడానికి నేను మా నాయిన నేసిన సన్నపంచె ఇచ్చాను. పాపను పడుకోబెట్టడానికి తెచ్చుకున్నది. నాలుగు మడతలేసి పోస్తే తుప్పంతా దాని మీద నిలిచింది. అడుగు పెట్రోలును వంచకుండా వదిలేశారు. ఇంక రేపు ఆగే ప్రశ్నే లేదనుకున్నాము.

అప్పుడు సాయిలు వచ్చి డబ్బాలో వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "సారూ, గిండ్ల కిరసనాయిలు గలిసింది," అన్నాడు.

ఆ మాటతో మా ఆయన ముఖంలో హాస్యం పోయింది. "ఆయిలు కలిపింది నువ్వే గద జంగయ్యా?"

"నేనే సారూ. ఆయిలే కలిపిన."

"పోయిన వారం బాగ నడిచిన ఇంజను, నువ్వు కలిపినంక ఎందుకాగుతాంది?"

జంగయ్య వంగి డబ్బా మూత బిగించాడు. పెట్రోలు అమ్ముకుని ఆ లోటు కిరసనాయిలుతో నింపే డ్రైవర్ల కథలు ఆఫీసులో అందరూ చెప్పుకునేవే. సాయిలు చేతులు, లుంగీ, తలగుడ్డ అంతా కిరసనాయిలు వాసనే కొడుతున్నాయని నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

వలల గుడిసెలు

రెండో రోజు పొద్దున బొట్టు కొంచెం వెలిసి కనిపించింది. అందుకే నిన్న అన్ని ఆటంకాలనుకుని, ఇంకా దట్టంగా పసుపు మెత్తి, కుంకుమ పెట్టాను. ఆ రోజు ఇంజను పావుగంట కూడా నడవలేదు. పది నిమిషాలకే ఆగింది.

నడినీళ్ళలో జంగయ్య కార్బురేటరు విప్పాడు. తలగుడ్డ పరిచి దాని మీద ఒక్కొక్క ముక్క వరసగా పెట్టాడు. చిన్న గిన్నె, అందులో తేలే బుడ్డి, సూదిబెజ్జం ఉన్న ఇత్తడి మర. ఆ బెజ్జాన్ని పెదవుల మధ్య పెట్టుకుని ఊదాడు. నోట్లోకి పోయిన పెట్రోలు ఉమ్మేసి మళ్ళీ ఊదాడు. పెదవులు ఎర్రగా కందిపోయాయి. మా ఆయన సాయం చేయలేదు. దొంగను చూసినట్టు చూస్తూ కూర్చున్నారు.

ఇంతలో గాలి లేచింది. బోటు తనంతట తానే నీళ్ళలో నిలిచిన చెట్ల మొద్దుల వైపు జరుగుతోంది. ముక్కలు ముక్కలుగా ఉన్న ఇంజను పనికిరాదు. ఇద్దరూ చెరొక తెడ్డు పట్టారు. బోటు అడుగున ఏదో గీసుకుపోయిన చప్పుడు నా వెన్నులో ఇప్పటికీ ఉంది. పాపను కొంగుతో నా నడుముకు కట్టుకున్నాను. కట్టుకున్నాక, మునిగితే ఇట్లా కట్టి ఉండడమే ప్రమాదమేమో అని విప్పాను. మళ్ళీ కట్టుకున్నాను.

ఒక వంపులో తాటాకు గుడిసెలు, ఆరేసిన వలలు కనబడ్డాయి. సముద్రపు ఒడ్డు నుంచి చేపలు పట్టడానికి వచ్చి దిగినవాళ్ళు. తెడ్లేసుకుంటూ అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గాలి తగ్గేదాకా కదలొద్దన్నారు. నూకాలు అనే ఆవిడ నన్ను చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఏటమ్మా, సంటిపిల్లనేసుకుని ఈ నీట్లోకొచ్చేవు?"

"గట్ల రావాల్సొచ్చింది అక్కా."

"గట్లంట!" అని పక్కావిడకు చెప్పి నవ్వింది. "నీ మాట బలేగుంటాదే. ఇంకోపాలి అను."

వాళ్ళు మూడు పూటలా అన్నమే తింటారు. జొన్న ముట్టరు. పులుసులో చింతపండు ఎంత వేస్తారంటే, మా ఇంట్లో వారం రోజులకు సరిపోతుంది. నల్లగొండ అంగట్లో రెండు రూపాయలన్నా పలికే చేపను నూకాలు నాకు ఊరికే వండిపెట్టింది. డబ్బులిస్తానంటే చెయ్యి విదిలించింది.

గుడిసె నీడన పాపకు పాలు పట్టాను. పాప పాలసీసా చిన్న పడవలా ఉండే గాజుసీసా. ముందు కొసన పాలు తాగే రబ్బరు పీక, వెనుక కొసన గాలి బెజ్జమున్న ఇంకొక రబ్బరు. పాప నాలుగు గుక్కలు తాగి ఏడ్చింది. మళ్ళీ పట్టిస్తే మళ్ళీ నాలుగు గుక్కలు, మళ్ళీ ఏడుపు. నిన్నటి రొట్టె కడుపులో పట్టేసిందని నాకు ఏడుపు ఆగలేదు.

"పిల్లకేటీ అవ్లేదే. ఆ పీక సూడు, ఎలా అతుక్కుపోనాదో," అంది నూకాలు.

నిజమే, పీక చప్పిడిదై లోపలికి లాక్కుపోయింది. వెనుక రబ్బరు చూస్తే ఎండిన పాలపిండి బెజ్జాన్ని మూసేసింది. పిన్నుతో పొడిచాను. సీసాలోకి బుడబుడా గాలిబుడగలు ఎక్కాయి, పీక విచ్చుకుంది, పాప గటగటా తాగింది.

ఆ బుడగలను చూస్తూ అమ్మయ్య అనుకున్నాను. మరునిమిషంలో వంగి ఆ బెజ్జాన్నే మళ్ళీ చూశాను.

గాలి లోపలికి పోతేనే పాలు బయటికి వస్తాయి. ఇది నేను కాలేజీలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న సంగతి. టాంకీ మూత నడుమ నాకు బొట్టు కోసమే చేసినట్టు కనిపించిన గుంట ఏమిటో ఇప్పుడు తెలిసింది. దాని అడుగున గాలి బెజ్జం ఉండి ఉంటుంది. పెట్రోలు కిందికి దిగినకొద్దీ పై నుంచి గాలి రాక, పావుగంటకు ధార నిలిచిపోతోంది. జంగయ్య మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోయి ఇంజను బతుకుతోంది. మూత తీయడాన్ని మేమెవ్వరమూ ఒక పనిగా లెక్కపెట్టలేదు. ప్లగ్గు రుద్దినందుకు, పెట్రోలు వడగట్టినందుకు, బెజ్జం ఊదినందుకు నడిచిందనుకున్నాము. జంగయ్య ఆ మూతను ఒక్కసారి అరచేత్తో గట్టిగా పట్టి తిప్పి ఉంటే పసుపు ఊడిపోయేది. ముత్తైదువ పెట్టిన బొట్టని అంచులు పట్టుకున్నాడు.

అప్పుడే లేచి పోయి చెప్పవలసింది. చెప్పలేదు. మా ఆయన వలవాళ్ళతో దూరంగా కూర్చుని ఉన్నారు. బీఎస్సీ చదివినవు అన్న మాట ఎన్నేళ్ళు వినవలసి వస్తుందో అనుకున్నాను. రేపు పొద్దున మెల్లగా తుడిచేస్తే ఇంజను దానంతటదే నడుస్తుంది, ఎవరికీ ఏమీ కాదనుకున్నాను.

ఆగని బోటు

మూడో రోజు తెల్లవారుతుండగా చెంబు పట్టుకుని బోటు దగ్గరికి పోయాను. బొట్టు తుడిచేశాను. మా ఇళ్ళల్లో పెట్టిన బొట్టును ఎవరూ తుడవరు. పిన్నుతో కెలికితే పసుపు ముద్ద లేచి, సూది పట్టేంత బెజ్జం బయటపడింది. కుంకుమ మాత్రం పక్కన టాంకీకి పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను.

తరువాత జరిగింది నేను అనుకోనిది. మా ఆయన రెండో డబ్బా సీలు పగలగొట్టారు.

"ఇయ్యాల ఆయిలు నేనే కలుపుత. నువ్వు పక్కకు జరుగు," అన్నారు జంగయ్యతో. టాంకీలో ఉన్నదంతా వంచి మొదటి డబ్బాలో పోసి, కొత్తది నింపారు.

ఇంజను అందుకుంది. పావుగంట నడిచింది. అరగంట. గంట. నాకు తప్ప ఎవరికీ కారణం తెలియదు. నల్లమల గుట్టలు రెండు వైపులా దగ్గరికి జరిగాయి. ఎక్కడో అడవి పూసిన వాసన వస్తోంది. కోతుల గుంపు ఒకటి ఒడ్డు వెంట మాతో పరిగెత్తింది. ఇంత అందమైన చోటు నేను ముందెప్పుడూ చూడలేదు, ఆ రోజూ సరిగా చూడలేదు. జంగయ్య ముఖమే చూస్తున్నాను. ఇంజను నడిచినకొద్దీ ఆ ముఖం వాడిపోతోంది. అది ఆగితే అతని కొలువు పోతుందని నిన్నటిదాకా భయం. ఇప్పుడు ఆగకపోవడమే అతన్ని దొంగను చేస్తోంది.

మా ఆయన బోటు రిజిస్టరు తీసి రాయసాగారు. భుజం మీదుగా చదివాను. డ్రైవరు కలిపిన డబ్బాతో బోటు ఇరవైసార్లకు పైగా ఆగెను, సీలు డబ్బాతో ఒక్కసారియు ఆగలేదు, మొదటి డబ్బా కల్తీ అయినది అని ఉంది.

ఒక దీవి దగ్గర ఆపినప్పుడు ఆయన్ను పక్కకు పిలిచి అంతా చెప్పాను. సీసా, బుడగలు, బెజ్జం, పొద్దున నేను చేసిన పని. 

"కావచ్చు, కాకపోవచ్చు," అన్నారు. "సాయిలు వాసన చూసి చెప్పె గద."

"సాయిలు తన చేతి వాసనే తను చూసుకున్నడు."

"గిది రాయాల్నంటె నువ్వు బోటుల ఉన్నవని గూడ రాయాలె. నా కొలువు సంగతి?"

"మరి అతని కొలువు?"

"దినకూలి. ఇంకోటి దొరుకుతది," అన్నారు. అని, నా వైపు చూడకుండా పోయి బోటెక్కారు. ఆయన చెడ్డవారు కారు. ఆ మాట అంటున్నప్పుడు తన మాట తనకే నచ్చలేదని ఆయన వెన్ను చూస్తేనే తెలిసింది.

పై క్యాంపు

రేవులో జంగయ్య చెప్పిన పెద్దసారు, పెద్ద ఇంజనీరు, నిలబడి ఉన్నారు. కోస్తా వైపు మనిషి, నెరిసిన తల, చేతిలో గొడుగు. నేను అనుకున్న ప్రకారం పాపను ఎత్తుకుని, తల వంచుకుని గట్టెక్కాను. క్వార్టర్ల రేకులు కనిపిస్తున్నాయి. ఇరవై అడుగులు పోయానేమో. వెనుక రిజిస్టరు పేజీ తిప్పిన చప్పుడు, ఆయన గొంతు వినబడ్డాయి.

"ఏమయ్యా, పెట్రోలు అమ్ముకున్నావా?"

"లేదు సారూ," అన్నాడు జంగయ్య.

"మరి ఇందులో ఇలా రాసి ఉందే?"

"నాకు చదువు రాదు సారూ. నేను అమ్ముకోలే."

అంతకంటే అతని దగ్గర సాక్ష్యం లేదు. నా కాళ్ళు వెనక్కి తిరిగాయి.

"సార్, ఇంజను ఆపింది జంగయ్య కాదు. నేను," అన్నాను.

ఆయన నన్నూ, పాపనూ, మా ఆయననూ వరసగా చూశారు. "ఈవిడెవరండీ?"

"మా ఇంటామె సార్," అన్నారు మా ఆయన. 

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. బొట్టు ఎక్కడ పెట్టిందీ, దాన్ని జంగయ్య ఎట్లా కాపాడిందీ, రెండో రోజు ఇంకా మందంగా ఎట్లా పెట్టిందీ చెప్పాను. పెద్ద ఇంజనీరు మూత విప్పించి బెజ్జాన్ని ఎండకు పెట్టి చూశారు. గుంట అంచుల్లో పసుపు ఇంకా ఉంది.

"ఇది నిజమే కావచ్చమ్మా. కానీ కల్తీ కూడా నిజమై ఉండొచ్చు కదా? రెండూ ఒకేసారి మారాయి, పెట్రోలూ, మూతా."

సరిగ్గా అదే నన్ను పొద్దుటి నుంచి తినేస్తున్న సంగతి. "అందుకే సార్, మొదటి డబ్బా పెట్రోలే పోసి నడిపించండి. మూత ఇట్లాగే ఉండనీయండి. కల్తీదైతే మళ్ళీ పావుగంటకు ఆగాలి."

ఆయన గొడుగు కొసతో నేల మీద ఏదో గీస్తూ ఆలోచించారు. "కుటుంబాన్ని ఎక్కించిన సంగతికి మెమో ఇస్తాను, జవాబు రాసుకోండి," అని మా ఆయనతో అని, జంగయ్య వైపు తిరిగారు. "టాంకీ వంపు. మొదటి డబ్బా పెట్రోలు పొయ్యి. ఆ దూరపు గుట్ట దాకా పోయిరా. మధ్యలో మూత ముట్టుకోవద్దు. ఆగితే అక్కడే ఉండు, తెడ్డు బోటు పంపిస్తాను."

జంగయ్య ఒక్కడే పోయాడు. మేము ఒడ్డున నిలబడ్డాము. మా ఆయన గడియారం విప్పి అరచేతిలో పట్టుకున్నారు. పది నిమిషాలు చప్పుడు గట్టిగా వినబడింది. తరువాత సన్నబడింది. పద్నాలుగో నిమిషంలో నేను కళ్ళు మూసుకున్నాను. పదిహేను. పదహారు. బోటు గుట్ట చాటుకు పోయింది.

చప్పుడు లేదు.

"ఆగింది," అన్నారు పెద్ద ఇంజనీరు.

ఆగిందో, గుట్ట అడ్డమైందో ఎవరం చెప్పగలం? పాప నా గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. నాకు ఆ గుట్టను చేత్తో పక్కకు జరపాలనిపించింది. మా ఆయన వచ్చి నా పక్కన నిలబడి పాపను తన భుజం మీదికి తీసుకున్నారు. "ఇరవై," అన్నారు మెల్లగా. కాసేపటికి "ఇరవై రెండు," అన్నారు. ఆయన కూడా అది నడవాలనే కోరుకుంటున్నారని అప్పుడు తెలిసింది.

మొదట తుమ్మెద రొదలాగా వినబడింది. నా భ్రమేమో అనుకున్నాను. తరువాత గుట్ట పక్క నుంచి బోటు ముక్కు బయటికి వచ్చింది. వెనుక తెల్లటి నీటిచార. ఎక్కిళ్ళు లేవు, దగ్గు లేదు. జంగయ్య నిలబడి నడుపుతున్నాడు. మూడు రోజుల్లో అతను నిలబడి నడపడం అదే మొదలు.

పెద్ద ఇంజనీరు రిజిస్టరు మా ఆయన చేతికిచ్చారు. మా ఆయన తాను రాసిన పంక్తుల మీద అడ్డంగా గీత గీసి, పక్కన కొత్తగా రాశారు. అందులో నా పేరుంది.

"పర్మనెంటు కాగితాలు రేపు తయారుచేయిస్తాను. వచ్చి వేలిముద్ర వెయ్యి," అని పెద్ద ఇంజనీరు జంగయ్యకు వినబడేలా అరిచారు. ఇంజను రొదలో వినబడిందో లేదో, ఇంక ఆపమని చెయ్యి ఎత్తి చూపించారు.

జంగయ్య ఆపలేదు. బోటును ఒడ్డు పక్కగా నెమ్మది చేసి నా వైపు చూశాడు.

"ఆపనా అమ్మా?" అని అరిచాడు.

"ఆపకు," అన్నాను. "ఇంకో చుట్టు తిరిగి రా."